పులికి జెండా పాట

పెద్ద జంతువులను కాపాడాలంటే వాటిని కాల్చడమే దగ్గరి దారి అని ప్రపంచంలోని పెద్దమనుషులు చాలామంది ఏనాడో తేల్చేశారు. ఈ విషయంలో మన ఉమ్మడి వరంగల్ జిల్లా బాగా వెనకబడి ఉంది. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలు 1950ల మొదట్లోనే ఏర్పడ్డా, ఇన్నేళ్లలో ఒక్క విదేశీ దంతవైద్యుడైనా వచ్చి, రొక్కం కట్టి, మన జంతువులను ప్రేమించి పోయిన దాఖలా లేదు. జిల్లా అభివృద్ధి కోరేవాణ్ని కనుక ఈ లోటు పూడ్చడానికి మన పులినీ డాలర్లకు వేలం వేయాలన్న ప్రతిపాదన ఒకటి సర్కారు వారి ముందు పెడుతున్నాను.

దంతవైద్యుడే ఎందుకంటే, 2015 జులైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని కొట్టింది అమెరికా నుంచి వచ్చిన ఒక పళ్ల డాక్టరు. దాని వయసు పదమూడేళ్లు. మెడలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తగిలించిన కాలర్ ఉంది. హ్వాంగే నేషనల్ పార్కు హద్దు బయట ఎర పెట్టి, ముందు బాణంతో గాయపరిచి, గంటల తర్వాత చంపారు. ఇందుకు ఆయన సుమారు 50 వేల డాలర్లు కట్టాడని అప్పట్లో వార్తలు వచ్చాయి. లోకమంతా గొల్లుమంది. నాకు మాత్రం రోగుల గతే గుర్తుకొచ్చింది. ఒక సింహాన్ని ఇంత ప్రేమించాలంటే ఎందరి దవడలు తెరవాలి!

అంతకు ముందే, 2014 జనవరిలో, డాలస్ నగరంలో వేటగాళ్ల క్లబ్బు ఒకటి నమీబియాలో నల్ల ఖడ్గమృగాన్ని కాల్చే పర్మిట్‌ను వేలం వేసింది. పాట మూడున్నర లక్షల డాలర్ల దగ్గర ఆగింది, అంటే అప్పటి లెక్కన రెండు కోట్ల రూపాయల పైమాటే. మరుసటి ఏడాది మే నెలలో ఖడ్గమృగం నేలకూలింది. డబ్బంతా మిగిలిన ఖడ్గమృగాల రక్షణకేనన్నారు. దాన్నే ఎందుకు ఎంచారని అడిగినవాళ్లకు శాస్త్రీయమైన జవాబే వచ్చింది: ముసలిది, సంతానానికి పనికిరాదు, కుర్ర మగవాటిని పొడిచి తరుముతుంది, అది తప్పుకుంటే మంద పెరుగుతుంది. జీవశాస్త్రం ప్రకారం ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఈ సూత్రం అడవి దాటి జిల్లా రాజకీయాల్లోకి రాకుండా చూసుకుంటే చాలు. ఒళ్లు సహకరించకపోయినా టికెట్ వదలని పెద్దలు మనకు ప్రతి పార్టీలోనూ ఉన్నారు.

వేలం పాటంటే మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మేలైన సరుకు ముందు వ్యాపారులు గుమిగూడి పాడతారు, హెచ్చు ధర ప్రకటిస్తారు, మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో ఆ ధరే అచ్చవుతుంది. అది చదివిన రైతు ట్రాలీ కట్టించుకుని వస్తాడు. ఆ ధర ఒకటి రెండు లాట్లకే. తనవాటికి తేమ ఉందంటారు, తాలు కలిసిందంటారు, రంగు తగ్గిందంటారు. ఆ మీదట అడ్తిదారు (దళారి) కమీషన్, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాడి) కూలీ, చాట కూలీ. అన్నీ పోను తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) మీద మిగిలిందే ఆయనది.

ఖడ్గమృగం జెండా పాటా అచ్చం ఇదే. పేపర్లో పడేది మూడున్నర లక్షల డాలర్లు. మామూలు వేటల్లో అయితే వేట కంపెనీ వాటా, ఏజెంటు కమీషన్, రాజధానిలో ఫైలు కదిపినవాళ్ల మర్యాద, చచ్చిన తలలో గడ్డి కుక్కి గోడకు నిలబెట్టేవాడి కూలీ అన్నీ పోయాకే ఊరి వంతు. వేట కంపెనీల రాబడిలో స్థానికులకు చేరేది మూడు శాతం దగ్గరేనని 2013లో ఆర్థికవేత్తల నివేదిక ఒకటి చెప్పింది. ఆ లెక్క తప్పని వేటగాళ్ల సంఘాలు గట్టిగానే అన్నాయి. అనకుండా ఎలా ఉంటాయి? తక్‌పట్టీ తప్పుగా ఉందని ఒప్పుకున్న అడ్తిదారును మనమూ చూడలేదు.

మనకు ఈ రంగంలో అనుభవం లేదనేవాళ్లు నెక్కొండ సంగతి తెలుసుకోవాలి. ఇప్పుడది కాజీపేట–విజయవాడ లైన్లో చిన్న స్టేషన్. 1902 ఏప్రిల్‌లో అక్కడికి దగ్గర్లో వైస్రాయి లార్డ్ కర్జన్ వేట విడిది చేశాడు. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది: దొర, దొరసాని, కాళ్ల దగ్గర పులి. డప్పులు కొట్టి అడవి తోలినవాళ్ల పేర్లు ఫొటో కింద రాయలేదు, స్థలం చాలక కాబోలు. ఇదే కర్జన్ 1900లో గుజరాత్‌లోని జునాగఢ్ వెళ్లినప్పుడు, గిర్‌లో సింహాలు అంతరించిపోతున్నాయని తెలిసి, వాటి మీద తుపాకీ ఎత్తనన్నాడు, కాపాడమని నవాబుకు చెప్పాడు కూడా. నిజంగానే మంచి పని. రెండేళ్లకు నెక్కొండలో పులి దొరికింది, ఎందుకంటే పులులు అప్పటికింకా బోలెడున్నాయి. సంరక్షణ అంటే అయిపోవచ్చినదాన్ని వదిలి, అయిపోనిదాన్ని అవగొట్టడమని ఇంత స్పష్టంగా ఆచరించి చూపినవారు అరుదు. అదే ఏడాది ఆయన నిజాం ప్రాంతమైన బేరార్‌ను కూడా ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు కింద నిజాం చేత రాయించుకున్నాడు. ఆ ఏటి వేటలో పెద్ద జంతువు పులి కాదు.

స్వదేశీ ప్రభువులూ తీసిపోలేదు. సర్గుజా మహారాజు లెక్క వెయ్యి పులులు దాటింది. ఆ పక్కనే కొరియా సంస్థానం (ఆ కొరియా కాదు, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోది) రాజావారు 1947లో ఒక రాత్రి మూడు చీతాలను కాల్చారు. దేశంలో మిగిలిన ఆఖరివి అవేనని చెబుతారు. 2022 సెప్టెంబర్ 17న ఎనిమిది చీతాలను విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలాం. ఎక్కడి నుంచి? డబ్బు కట్టినవాడిని వేటాడనిచ్చే నమీబియా నుంచి. ఇంత రాజఠీవిగా ఖాళీ చేసిన అడవికి తిరిగి సరుకు దిగుమతి చేసుకోవలసి వచ్చినందుకు చింతించవద్దు, అదీ ఒక రకం వ్యాపారమే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక రాజుల తుపాకులు గోడకెక్కాయి. అడవి పక్కన సేద్యం చేసేవాడికి మిగిలింది కరెంటు తీగ. మక్కజొన్న చేను చుట్టూ అడవిపందికని రాత్రి కట్టిన తీగకు పంది తగిలితే నేరం, పులి తగిలితే మహానేరం. పక్క చేను మనిషి తగిలిన రోజులూ ఉన్నాయి. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయాయి. పులి కొట్టిన పశువు కళేబరానికి విషం కలిపారని కేసులు పెట్టి, మనుషుల్ని పట్టుకుపోయారు. విషం పెట్టడం తప్పే, సందేహం లేదు. వాళ్లు చేసిన పొరపాటు ముందుగా మూడున్నర లక్షల డాలర్లు కట్టకపోవడం. కట్టి ఉంటే అదే చావుకు సంరక్షణ అని పేరొచ్చేది, ఒక ఫొటో కూడా దిగేవారు.

అడవిపందికి మాత్రం సర్కారు దారి చూపింది. పంట పోతోందని దరఖాస్తు ఇస్తే, అనుమతి వస్తే, లైసెన్సు తుపాకీ ఉన్నాయన వచ్చి కాలుస్తాడు. ఆ తర్వాత దాన్ని అటవీ సిబ్బంది ఎదుట పూడ్చాలి, లేదా తగలబెట్టాలి. నర్సంపేట దిక్కు రైతు ఒకాయన నన్ను అడిగాడు: “పంట తిన్నదాన్ని మనం తినొద్దట. మరి అది తిన్న పంటను ఎవరు పూడ్చిండ్రు సారూ?” ఇంతటి సూక్ష్మమైన ప్రశ్నలకు జవాబు జీవోల్లో ఉండదు.

నమీబియాను అన్యాయంగా ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. 1996లో చట్టం మార్చి, అక్కడి పల్లెలవాళ్లు కన్సర్వెన్సీలు (వన్యప్రాణుల్ని చూసుకునే ఊరి సంఘాలు) పెట్టుకుంటే తమ నేల మీది జంతువుల మీద వచ్చే రాబడి వాళ్లకే చెందేట్టు చేశారు. ఇప్పుడవి 80కి పైగా ఉన్నాయి. వేటాడిన జంతువు మాంసం కూడా ఊరిదే. జంతువు బతికుంటే లాభమని తెలిసిన ఊరు దానికి కాపలా కాసింది. కొన్నిచోట్ల నిన్నటి దొంగవేటగాడే ఇవాళ్టి కాపలాదారు. ఇది నిజంగా పనిచేసిన పద్ధతి. తుపాకీ వల్ల పనిచేసిందా, హక్కు వల్ల పనిచేసిందా అని అడగడం మాత్రం మర్యాద కాదు, ఎందుకంటే తుపాకీ దిగుమతి చేసుకోవడం తేలిక.

హక్కంటే మనకూ 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అడవిని, వన్యప్రాణిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది, వేట హక్కును మాత్రం పేరు పెట్టి మరీ మినహాయించింది. కాపాడే బాధ్యత ఆదివాసీకి, దాని మీద పెత్తనం అటవీశాఖకు, దాన్ని జీపులో తిరిగి చూసే యోగం రిసార్టులో దిగినవాళ్లకు. కవ్వాల్ అభయారణ్యంలోని పులుల కోసం మైసంపేట, రాంపూర్ వాసులు 2024లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసి వచ్చారు. నా ప్రతిపాదనలో డాలర్ల జెండా పాట జరిగిన రోజు వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, టీ ఇప్పించాలని ప్రత్యేకంగా చేర్చాను.

ఇక వేటంటే గిట్టని నగరవాసుల సంగతి. వాళ్లకు బోట్స్‌వానా పద్ధతే సరైనది. వేటగాళ్లు తెచ్చుకునే తలలు, దంతాల దిగుమతిని కట్టడి చేయాలని జర్మనీ పర్యావరణశాఖ అంటే, 2024 ఏప్రిల్‌లో బోట్స్‌వానా అధ్యక్షుడు మాసిసి ఒక మాటన్నాడు: మాకు ఏనుగులు ఎక్కువయ్యాయి, 20 వేల ఏనుగులను మీకు పంపిస్తాం, మీరు మమ్మల్ని బతకమన్నట్టే వాటితో బతకండి, ఇది జోక్ కాదు.

మన దగ్గర ఏనుగులు లేవు. కోతులున్నాయి. వాటి భయానికి పల్లి వేయడం మానినవాళ్లున్నారు, పెరట్లో కూరగాయలు మానినవాళ్లున్నారు, పెంకుటిల్లు వదిలి రేకులు వేసుకున్నవాళ్లున్నారు. నిర్మల్‌లో 2020 డిసెంబర్‌లో కోతులకు కుటుంబ నియంత్రణ కేంద్రం తెరిచారు. కోతులు ఆ ఆపరేషన్ విషయంలో మనుషుల్లాగే వాయిదాలు వేస్తున్నట్టున్నాయి. ఆంజనేయుడి సంతతిని కాల్చడానికి ఏ దంతవైద్యుడూ డాలర్ ఇవ్వడు, ఇచ్చినా మనం ఒప్పుకోం. కనుక మొదటి విడతగా 20 వేల కోతులను హైదరాబాద్‌లోని గేటెడ్ కమ్యూనిటీలకు ఉచితంగా అందజేయాలని మనవి. జామ, మామిడి చెట్లున్న కాలనీలకు ప్రాధాన్యం. వన్యప్రాణుల మీద పోస్టులు పెట్టిన సభ్యులుంటే విల్లాకు రెండు కుటుంబాలు అదనం. తిరిగి పంపడం కుదరదు. రవాణా ఖర్చు, హమాలీ మాత్రం తీసుకునేవాళ్లే పెట్టుకోవాలి. ఈ ఒక్క తక్‌పట్టీలో రైతు ఖాతాకు కోత పడకూడదు.