ఐదో వస్తువు బూట్ పాలిష్

టూత్‌పేస్ట్ కొందామని ఫోన్ తీసినవాడు టూత్‌పేస్ట్ కొని ఊరుకోవడం ఈ రోజుల్లో అంత తేలిక కాదు. ధర కింద రెండు గుండ్రటి గడులుంటాయి. ఒకటి "ఈసారికి మాత్రమే". రెండోది "ప్రతి నెలా, 5 శాతం తగ్గింపుతో". చాలాచోట్ల రెండోదాంట్లో చుక్క ముందే పెట్టేసి ఉంటుంది. మనం చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే, ఆ పని అందరికీ వచ్చు. 1926లో అమెరికాలో పుట్టిన బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ కూడా ఈ బద్ధకం మీదే పెరిగింది. గడువులోగా "వద్దు" అని చీటీ తిప్పి పంపకపోతే ఆ నెల పుస్తకం ఇంటికొచ్చేసేది. ఇప్పటి అంగళ్లు చీటీ తీసేసి చుక్క పెట్టాయి. ఒకసారి చేరినవాణ్ణి మళ్లీ ప్రకటనల ఖర్చు పెట్టి పిలవక్కర్లేదు కదా, అందుకే ఆ తగ్గింపు.

మన గృహస్థు చుక్క జోలికి పోలేదు. వెంటనే ఇంకో పట్టీ మెరిసింది: "ఒకే తేదీకి 5 వస్తువులు తెప్పించుకుంటే అన్నిటి మీదా 15 శాతం!" టూత్‌పేస్ట్, రేజర్ బ్లేడ్లు, గిన్నెల సబ్బు, చెత్త సంచులు. నాలుగే తేలాయి.

"ఏమోయ్, ఇంట్లోకి ఇంకేమైనా కావాలా?"

"ఏమీ వద్దండీ."

15 శాతం ముందు ఈ జవాబు చెల్లలేదు. వెతగ్గా వెతగ్గా బూట్ పాలిష్ దొరికింది. ఇంట్లో బూట్లు ఒకే జత. అవీ ఏడాదికి రెండుసార్లు బయటికొస్తాయి.

ఇక పెట్టెలు రావడం మొదలైంది. 150 గ్రాముల టూత్‌పేస్ట్, ఇద్దరు మనుషులు, రోజుకు రెండు పూటలు, పూటకు తలా ఒక గ్రాము: 37 రోజులొస్తుంది. నెలకొకటి వస్తే ఏడాదికి రెండు ట్యూబులు మిగులుతాయి, పోనీ అనుకోవచ్చు. బ్లేడ్లు అలా కాదు. ప్యాకెట్‌కు 8, వారానికొకటి చొప్పున 56 రోజులు నడుస్తుంది. నెలనెలా తెప్పిస్తే ఏడాదికి 96 బ్లేడ్లు, గీసుకునేది 52. మిగతా 44కు ఇంకో గడ్డం కావాలి. పాలిష్ సంగతి సరేసరి. మూత తీసిన డబ్బాలో పాలిష్ అయిపోదు, ఎండిపోతుంది. మైనాన్ని మెత్తగా ఉంచే ద్రావకం ఆవిరైపోయి, నడిమధ్య బీటలు పడి, డబ్బా ఊపితే గలగలమంటుంది. ఆరో డబ్బా వచ్చిన రోజున ఆవిడ అడిగేసింది:

"ఏమండీ, మనమేమన్నా బూట్ల కొట్టు పెడుతున్నామా?"

ఇంతలో ధరలు పెరిగాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. చాలా అంగళ్లలో ఖాయమయ్యేది తగ్గింపు శాతమే, ధర కాదు. పెట్టె బయల్దేరే నాటి ధర మీద కోత వేస్తారు. చేరిన రోజున 100 ఉన్నది 120 అయితే, 15 శాతం పోగా 102. తగ్గింపు తీసుకుంటూనే మొదటి రోజు అసలు ధరకన్నా 2 ఎక్కువ కట్టడమన్నమాట. ముందుగా ఈమెయిల్ వస్తుంది, కాదనలేం. "మీ పెట్టె సిద్ధమవుతోంది!" అని పైన సంబరం, కొత్త ధర మాత్రం అట్టడుగున.

పాలిష్ వదిలించుకుందామని ఆయన "నా ఆర్డర్లు"లో గంటసేపు వెతికాడు. అక్కడుండదు. ఖాతాలో "సబ్‌స్క్రిప్షన్లు" అనే పేజీ వేరే ఉంటుంది. తీరా వెళ్తే, పెద్ద అక్షరాల్లో "ఈసారికి దాటవేయి" అని కనబడింది. నొక్కి, పీడా పోయిందనుకున్నాడు. పోయింది ఆ ఒక్క నెలే. పై నెల రద్దు చేయబోతే, పెట్టె కట్టేశాం, ఇక మార్చలేమంది. ఆ పై నెల గడువులోగానే పట్టుకున్నాడు. ఎందుకు మానేస్తున్నారో చెప్పమని ఆరు కారణాలిచ్చారు. "బూట్లు ఒకే జత" అన్నది అందులో లేదు. ఏదో ఒకటి నొక్కి గట్టెక్కాడో లేదో హెచ్చరిక వచ్చింది: ఇక నాలుగే వస్తువులు, కాబట్టి అన్నిటి మీదా 5 శాతమే.

గుండె ఆగినంత పనై, పాలిష్‌ను మళ్లీ చేర్చేశాడు.

ఆవిడ కాగితం తీసింది. నాలుగు వస్తువులు కలిపి 400 అనుకుందాం. 15 శాతమైతే 60 మిగులు, 5 శాతమైతే 20. తేడా 40. పాలిష్ ధర 60, కోత పోగా 51. అంటే 40 మిగుల్చుకోవడానికి నెలనెలా 51 పెడుతున్నారు.

"పోనీ, పాలిష్‌ను ఆర్నెల్లకోసారికి మార్చేద్దాం," అన్నాడాయన.

"అది రాని నెలల్లో మళ్లీ నాలుగేగా!"

అన్నిటినీ రెండు నెలలకోసారికి, ఒకే తేదీకి మార్చింది. టూత్‌పేస్ట్ మాత్రం రెండేసి. బ్లేడ్లు నాలుగు రోజులు తక్కువొస్తాయి గానీ అలమారలో పాతవి చాలా ఉన్నాయి. పాలిష్ చోట చేతులు కడుక్కునే సబ్బు చేర్చి, ఐదు లెక్క సరిచేసింది. పాలిష్ రద్దు చేసే బాధ్యత ఆయనకు అప్పగించి వంటింట్లోకి వెళ్లింది. ఆయన ఆ పేజీ తెరిచి, ఆరు కారణాలూ ఇంకోసారి చదివి, "ఈసారికి దాటవేయి" నొక్కాడు.