నలభై ఏళ్ల సేవ, గంటసేపు సభ

పిల్లలకు ఆటలు నేర్పుతూ, చదువులో వెనకబడ్డవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతూ నలభై ఏళ్లు గడిపిన మనిషికి మనం చేసేది ఒక సభ. ఒక జ్ఞాపిక, నలుగురు వక్తలు, ఫొటోలు. ఆ నలుగురిలో ముగ్గురికి ఆవిడ ఏం చేశారో సరిగా తెలియదు. 'నిస్వార్థ సేవ' అనేసి దిగిపోతారు. అప్పటికి మోకాళ్ల నొప్పులతో ఆవిడ మైదానానికి రావడం మానేసి రెండేళ్లయి ఉంటుంది.

సన్మానం వద్దనడం లేదు. దేన్ని గౌరవిస్తున్నామో తెలిసి చేద్దామంటున్నాను.

పిల్లల మధ్య చేసే సేవకు ప్రాణం మంచితనం కాదు, మానకుండా రావడం. అమెరికాలో 'బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్' సంస్థ ఒక్కో పిల్లవాడికి ఒక్కో పెద్ద వలంటీర్‌ను జత చేస్తుంది. ఆ జంటల మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాది, అంతకుమించి నిలిచిన బంధాల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. తొందరగా తెగిపోయిన చోట మేలు మాట అటుంచి, కొన్ని విషయాల్లో పిల్లలు ముందుకన్నా దిగజారారు. అంటే ఉత్సాహంగా వచ్చి మూడు నెలల్లో మాయమయ్యేవాళ్లకన్నా అసలు రానివాళ్లే నయం కావచ్చు! ఇద్దరే పిల్లలు వచ్చిన వానరోజున కూడా తలుపు తీసిన మనిషి విలువ ఇక్కడ తెలుస్తుంది. చదువు మానేసి వెళ్లిపోయిన కుర్రాడు ఆరేళ్ల తర్వాత తిరిగొస్తే, అదే చోట అదే మనిషి కనిపించడం చిన్న విషయం కాదు.

ఈ పని వేదిక మీద నుంచి కనపడదు. అందుకే మాట్లాడాల్సింది ముఖ్య అతిథి కాదు, ఒకప్పుడు ఆవిడ దగ్గర పెరిగినవాళ్లు. "పరీక్ష తప్పిన రోజు మా ఇంటికొచ్చి అమ్మానాన్నలతో మాట్లాడారు" అని ఒక్కరు చెప్పినా చాలు.

ఒక ఇబ్బంది కూడా ఉంది. బిరుదులు తగిలించే కొద్దీ మనిషిని ప్రశ్నించడం కష్టమవుతుంది. పిల్లలతో పనిచేసేవారు ఎంత పెద్దవారైనా, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా, పిల్లల రక్షణ కోసం పెట్టిన నియమాలు అందరికీ ఒక్కటే. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉంటే అది సన్మానం పొందినవారికీ వర్తిస్తుంది. నిజంగా పిల్లల మేలు కోరేవారు దీనికి నొచ్చుకోరు.

ఇక డబ్బు. సొంత జేబులోంచి బంతులు, పుస్తకాలు కొని కొని అలసిన మనిషికి జ్ఞాపిక ఇవ్వడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. అదే ఖర్చుతో వచ్చే ఏడాదికి ఆ సామాను కొనిపెట్టొచ్చు. ఆవిడ ఇంకా పనిలో ఉండగానే పక్కన ఇద్దరు కుర్రవాళ్లను నిలబెట్టొచ్చు. సభలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: వచ్చే ఆదివారం తలుపు తీసేదెవరు? జ్ఞాపిక పట్టుకుని ఇంటికెళ్లాక ఆవిడ ఆలోచించేది ఆ ప్రశ్న గురించే.