తాగడమొక్కటే కాదు
టైల్‌గేటింగ్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి ముందు స్టేడియం బయట టెంట్లు వేసి వండుకుని తినడం) అంటే ఆట పేరు చెప్పి పొద్దున్నే తాగడమేనని దాని మీద వచ్చిన వ్యాసంలో తేల్చేశారు. తాగేవాళ్లు లేరనను. కానీ కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్ చదివిన రెండేళ్లూ టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ జట్టు సొంత మైదానంలో ఆడే ఆటలకి వెళ్లాను, నేను చూసింది వేరు. బ్రిస్కెట్ (గొడ్డు ఛాతీ మాంసం) పన్నెండు గంటలైనా పొగలో మగ్గాలి, అందుకే కొందరు ముందురోజు రాత్రే పొయ్యి రాజేస్తారు. అటు అర్ధరాత్రి యూనివర్సిటీ స్టేడియం కైల్ ఫీల్డ్‌లో మిడ్‌నైట్ యెల్, వేలమంది చేరి మర్నాటి అరుపులు ప్రాక్టీసు చేస్తారు (ఇక్కడ ఫుట్‌బాల్‌కి చీర్‌లీడర్లు ఉండరు, అరుపులు నడిపించే యెల్ లీడర్లే). మొదటిసారి నాకు ఒక్క రూలూ తెలీదు. పక్క టెంటు పెద్దాయన పిలిచి, చేతిలో ప్లేటు పెట్టి, ఫస్ట్ డౌన్ అంటే ఏమిటో కెచప్ సీసాలు జరిపి చూపించాడు. తర్వాతి ఆటకి మేం పులిహోర పట్టుకెళ్లాం, గంటలో గిన్నె ఖాళీ. అసలు పరీక్ష లోపలికెళ్లాకే. 1922లో ఒక ఆటలో అవసరమైతే జట్టులోకి దిగడానికి సిద్ధంగా నిలబడ్డ విద్యార్థి కథ ఉంది, ట్వెల్త్ మ్యాన్ (పన్నెండో ఆటగాడు) అని, ఆ పేరు మీద స్టూడెంట్లు ఆటంతా నిలబడే చూస్తారు. సెప్టెంబరు టెక్సాస్ ఎండలో మూడున్నర గంటలు! పొద్దున్నుంచీ తాగినవాడు రెండో క్వార్టర్‌కే కూలబడతాడు.