పిట్టకు పాకం, నాకు చప్పటి కాఫీ

మా ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం లేదు గానీ కాపలా ఉంది. పోయినేడాది రక్తపరీక్షలో ఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు లెండి) 7.1 అని వచ్చిన రోజు నుంచి నా కాఫీలో చెంచా తిరగడం మానేసింది. అదే వంటింట్లో, మార్చి సగం గడిచేసరికి, మా ఆవిడ ఒక కప్పు చక్కెరకు నాలుగు కప్పుల నీళ్ళు కొలిచి పోసి, పొయ్యి మీద పెట్టి, కరిగేదాకా కలుపుతూ నిలబడుతుంది. ఎవరికయ్యా అంటే, పెరట్లో వేలాడదీసిన ఎర్ర ఫీడర్ దగ్గరికి వచ్చే హమ్మింగ్‌బర్డ్‌కి.

మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. మన పెరటి మందారాల మీద వాలే తేనెపిట్ట వేరు, ఇది వేరు. ఈ జాతి అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేదు. మగపిట్టకు గొంతు కింద కెంపు పొదిగినట్టుంటుంది. మొత్తం కలిపి 3 గ్రాములు, అంటే అరకాసు బంగారం కూడా తూగదు. ఆ అరకాసు ప్రాణి చలికాలం రాగానే మెక్సికో, మధ్య అమెరికా వైపు వెళ్ళి మళ్ళీ మార్చికల్లా దిగుతుంది, వీసా స్టాంపింగ్ లేదు, అపాయింట్‌మెంట్ లేదు. నేను మా ఊరు వెళ్ళొచ్చి నాలుగేళ్ళయింది.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చింది. తణుకులో పుట్టి చెరుకు బళ్ళ మధ్య పెరిగిన మనిషి, తీగపాకం, ఉండపాకం, అరిసెల పాకం చూపుడువేలూ బొటనవేలూ కలిపి చెప్పేస్తుంది. గిన్నెలోకి తొంగిచూసి వేలు ముంచి, "ఇదేం పాకమే అమ్మాయ్, ఇంటికొచ్చిన వాళ్ళకి నీళ్ళ మజ్జిగ పోసినట్టు! ఇంకో గుప్పెడు వెయ్" అంది. వద్దత్తయ్యా, పువ్వుల్లో తేనె కూడా ఇంచుమించు ఇంతే పలచన అని మా ఆవిడ. పోనీ బెల్లం? అందులో ఇనుము ఎక్కువ, పిట్టకు పడదు. తేనె? నీళ్ళలో కలిపితే బూజు పడుతుంది, జబ్బు చేస్తుంది. ఎర్ర రంగు? అక్కర్లేదు, ఫీడరే ఎర్రగా ఉంది. షుగర్ ఫ్రీ పొడి? (ఇది నేనడిగాను, కష్టం అందరం పంచుకుందామని.) దాంట్లో సత్తువ లేదు, పిట్ట కడుపు మాడి చస్తుందట. దానికి సత్తువ లేనిది నాకెలా సరిపోతోందని అడగబోయి, ఆవిడ చేతిలో గరిటె చూసి ఆగాను.

అంతటితో అయిపోలేదు. ఎండ వంద డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఒకటి రెండు రోజులకే పాకం మబ్బుగా అయి పులుస్తుంది, పారబోసి వేడినీళ్ళతో కడగాలి. గొట్టాల సందుల్లో నల్లటి మచ్చ కనబడకూడదు, దానికో సన్నటి బ్రష్. ఇది నా డ్యూటీ. నా మాత్రలకు ఫోన్‌లో అలారం లేదు, ఫీడర్‌కి ఉంది.

ఇక అసలు నా ఫిర్యాదు. హమ్మింగ్‌బర్డ్‌లను పట్టి రక్తం పరీక్షించిన శాస్త్రవేత్తలున్నారు. తాగకముందే షుగర్ 300, తాగాక 700 పైన! ఆ నంబరుతో నేను వెళితే డాక్టరు వీల్‌చైర్ తెప్పిస్తాడు. అది మాత్రం సెకనుకు యాభైసార్లు రెక్కలాడిస్తూ గాల్లోనే నిలబడి ఇంకో గుక్క తాగుతుంది. రెక్కలాడించడం కూడా వ్యాయామమేగా, మీరూ కాస్త ఆడించండి అంటుంది మా ఆవిడ. ఈ వాదన నేను ఒప్పుకోను, రాతపూర్వకంగా చెబుతున్నాను.

పోనీ నలుగురికీ అందుతోందా? మగపిట్ట ఒకటి ఎదురుగా కొమ్మెక్కి కూర్చుని, రెండోది రాగానే రయ్యిమని మీద పడుతుంది. సీసాకు నాలుగు కన్నాలున్నా తాగేది అదొక్కటే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో పార్కింగ్ కోసం కొట్లాడే పెద్దాయన కూడా మధ్యాహ్నం కాసేపు పడుకుంటాడు, ఇది పడుకోదు. "ఇంకోటి వేరే వైపు కట్టరా, ఒకడే రెండు చోట్లా కాపలా కాయలేడు" అంది అమ్మ. కట్టాం. ఇప్పుడు చక్కెర రెట్టింపు, బ్రష్ పని రెట్టింపు.

అక్టోబరులో పిట్టలు వెళ్ళిపోయాయి. వెనకబడి వచ్చేవాటి కోసం ఫీడర్ ఇంకో రెండు వారాలు ఉంచాలని ఒక సీసా పాకం కాచి ఫ్రిజ్‌లో పెట్టారు. నిన్న మా ఆవిడ సీసా ఎత్తి వెలుతురులో చూసి, పిట్ట కనబడి వారమైంది, ఇది సగానికెలా వచ్చిందండీ అంది. చీమలన్నాను. ఫ్రిజ్‌లోకా అంది. అమ్మ నా చేతిలోంచి కాఫీ గ్లాసు తీసుకుని వాసన చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసింది.