రోషానికి రోజుకు 5 గ్రాములేనా?

మగవాడు మాట పడి ఊరుకుంటే మన దగ్గర అడిగే మొదటి ప్రశ్న: "ఉప్పూకారం తింటాండావా లేదా?" పౌరుషం ఉండేది ఉప్పుజాడీలోనేనని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అలాంటి అనంతపురంలో నిలబడి ఈ డాక్టర్లు, బీపీ రాకూడదంటే రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కట. టీ చెంచా కూడా నిండదు. అంత ఉప్పుకు ఎంత రోషం వస్తుంది? పక్కింటాయన మన గోడకానించి బండి పెడితే అడగడానికైనా చాలుతుందా?

అయినా బీపీ అంటే మనకు తెలియనిదా? కోపం. "నాకు బీపీ తెప్పించొద్దు" అని రోజుకు నాలుగుసార్లు అంటుంటాం. అరిచేవాడికి ఉన్నట్టు, నెమ్మదస్తుడికి లేనట్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఈ సిద్ధాంతాన్ని పట్టించుకోలేదు. దేశంలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 24 మందికి, ఆడవాళ్లలో 21 మందికి రక్తపోటు ఎక్కువ ఉంది, లేదా దానికి మాత్రలు వాడుతున్నారు. మా వీధి మగవాళ్లకు రెండో అంకె మింగుడుపడలేదు. "తెప్పించేది వాళ్లు కదప్పా, వాళ్లకెట్లొచ్చె?"

మొన్న పొద్దున వాకింగ్ చేసే గ్రౌండు గేటు దగ్గర టేబుల్ వేసి ఉచితంగా బీపీ చూస్తున్నారు. మా మిత్రుడొకాయన చెయ్యి చాపాడు. పైన 168, కింద 102.

"మిషన్ చెడిపోయిందేమోమ్మా. ఇప్పుడే నడిచొచ్చినా, టీ తాగినా, బీడీ ఇప్పుడే పారేసినా."

మిషన్ సంగతేమో గానీ మిగతావన్నీ న్యాయమైన అభ్యంతరాలే. నర్సు ఒప్పుకుని, వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండా కూర్చోమంది. మొదటి రెండూ చేశాడు. అరగంట పోయాక మళ్లీ చూస్తే 164, 100.

"తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. బీపీ యాడిదమ్మా?"

చాలామందికి ఏ సూచనా కనపడదందామె. అందుకే ప్రపంచంలో బీపీ ఉన్నవాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి అది ఉన్నట్టే తెలియదు. ఎంత పిరికి జబ్బో చూడండి! మా సీమలో శత్రువు కూడా చెప్పి వస్తాడు.

నాయనకు ఉండేదా, షుగరుందా, మందు తాగుతారా అని వరసగా అడిగింది. పొట్ట సంగతి అడగలేదు, కనపడుతూనే ఉంది. అన్నింటికీ "మామూలేనమ్మా" అన్నాడు. 140/90 దాటితే ఊరుకోకూడదు, ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోమంది. "మాత్రలు అలవాటైపోతాయి" అని ఈయన భయం. బీడీకి ఆ భయం వర్తించదు.

టేబుల్ పక్కనే ఉగ్గాని బండి. మిరపకాయ బజ్జీ కొరికి, కళ్లలో నీళ్లతో, "ఇదప్పా బీపీ తెచ్చేది" అన్నాడు. పచ్చి అన్యాయం. డాక్టర్లు చెప్పే కారణాల్లో ఉప్పుంది, పొగాకుంది, మందుంది, కదలకుండా కూర్చోవడముంది. కారం పేరు లేదు. కాకపోతే కారం పెరిగితే ఉప్పు కూడా పెంచాలని వంట చేసేవాళ్లకు తెలుసు. ఊరుబిండిలో, ఊరగాయలో నేరం చేసేది ఉప్పు, నింద మోసేది కారం.

"ఉప్పు సప్పగుందప్పా," అన్నాడు. బండాయన డబ్బా జరిపాడు.

నర్సు నన్ను పిలిచింది. "అన్నా, మీరూ ఒకసారి కూర్చోండి."

"నాకు కోపమే రాదమ్మా," అని, డబ్బా ఇటు అందుకున్నాను.