శాట్ స్కోరును ఎంసెట్ ర్యాంకులా చూడొద్దు

తిరుపతి నుంచి ఫోన్ వస్తే చాలు, ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో, అమెరికా యూనివర్సిటీల్లో డిగ్రీలో చేరడానికి రాసే శాట్ పరీక్ష గురించి ఒకటే ప్రశ్న. "చిన్నాయనా, శాట్‌లో ఎంతొస్తే సీటు గ్యారంటీ?" ఎంతొచ్చినా గ్యారంటీ లేదంటే నేనేదో దాస్తున్నానని అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేను. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) అంటే 160 మార్కులు, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్, కాలేజీ, అంతే. పక్కనే ఏర్పేడు ఐఐటీలో చేరాలన్నా జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే కావాలి. మనమందరం ఆ పద్ధతిలోనే పెరిగాం.

అమెరికాలో గట్టి పోటీ ఉండే యూనివర్సిటీలకు అలాంటి కటాఫ్ లేదు. 1600కి 1550 దాటినవాళ్లను కూడా ఏటా వద్దంటూనే ఉంటారు. వాళ్లు ముందు చూసేది 9వ తరగతి నుంచి 12 దాకా వచ్చిన మార్కులు, ఆ స్కూల్లో దొరికే సబ్జెక్టుల్లో కష్టమైనవి తీసుకున్నారా లేదా అన్నది, ఆ తర్వాత పిల్లల గురించి టీచర్లు రాసే సిఫార్సు లేఖలు, పిల్లలు రాసిన వ్యాసాలు. మనవాళ్లేమో 9వ తరగతి మార్కులు ఎవరడుగుతారని వదిలేస్తారు.

స్కోరు విషయంలో ఒక్కో చోట ఒక్కో రూలు. కోవిడప్పుడు చాలా యూనివర్సిటీలు టెస్ట్ రాయకపోయినా పర్లేదన్నాయి. ఎంఐటీ 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది, డార్ట్‌మత్, హార్వర్డ్, కాల్‌టెక్ 2024లో అదే దారి పట్టాయి. బర్కిలీ, యూసీఎల్ఏ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మాత్రం మీరు పంపినా అడ్మిషన్‌కు ఆ స్కోరు చూడవు. ఇవేవీ కనుక్కోకుండా లక్షలు పోసి కోచింగ్‌లో చేర్చకండి.

పంపడం మన ఇష్టమన్న చోట కూడా, మంచి స్కోరుంటే చిత్తూరు, తిరుపతి పిల్లలు పంపి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. పలమనేరులోని ఒక జూనియర్ కాలేజీ ఎలాంటిదో అమెరికాలో దరఖాస్తు చదివే మనిషికి ఎలా తెలుస్తుంది? ఇంటర్‌లో వెయ్యికి 980 అంటే గొప్పో, మామూలో వాళ్లకు అంతుపట్టదు. శాట్ అయితే అందరికీ ఒకే కొలత. తమకు పనికొచ్చే స్కోరును కూడా తక్కువ వసతులున్న పిల్లలు పంపకుండా ఆపుకుంటున్నారని డార్ట్‌మత్ ప్రొఫెసర్ల అధ్యయనంలో తేలింది, ఆ యూనివర్సిటీ టెస్టును మళ్లీ తప్పనిసరి చేయడానికి అదీ ఒక కారణం.

నాకు అసలు బాధ కలిగించేది లేఖల సంగతి. పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ల దాకా పిల్లలను కూర్చోబెట్టే కార్పొరేట్ కాలేజీలో, కిక్కిరిసిన సెక్షన్లకు పాఠం చెప్పే లెక్చరర్‌కు మీవాడి గురించి ప్రత్యేకంగా ఏం తెలుస్తుంది, ఏం రాస్తాడు? కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన కాగితం మీద సంతకం పెట్టి ఇస్తాడు. పిల్లాడు నిజంగా తెలివైనవాడైనా ఆ లేఖలో వాడెక్కడా కనిపించడు.

ఈసారి సెలవులకు ఊరెళ్లే మన సంఘం సభ్యులు తాము చదివిన స్కూలుకో కాలేజీకో వెళ్లి ప్రిన్సిపాల్‌తో ఒక గంట కూర్చోండి. ఎంతమంది చదువుతున్నారు, ఏ సబ్జెక్టులున్నాయి, మార్కులు ఎలా వేస్తారు, ఇవన్నీ వివరించే ఒకటి రెండు పేజీల స్కూల్ ప్రొఫైల్ తయారుచేయడానికి సాయపడండి. దరఖాస్తుతో పాటు స్కూలు పంపాల్సిన కాగితమే అది, మన దగ్గర చాలా కాలేజీలకు అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. ఇద్దరు ముగ్గురు టీచర్లకు లేఖ ఎలా రాయాలో కూడా చెప్పి రండి.