నాకు పడే రేటు కంటే అక్కడ అమ్మే రేటే తక్కువ

పొద్దున్న తొమ్మిదింటికి మా వీధి చివరి పిన్నిగారు మా కొట్టుకి వచ్చారు. కొనడానికి కాదు. అమలాపురం సూపర్ మార్కెట్ బిల్లు పట్టుకొచ్చి, డిటర్జెంట్ ప్యాకెట్ రేటు మీద వేలు పెట్టి, "ఏమ్మా, ఇన్నేళ్ళూ మా దగ్గర ఇంత లాగావా?" అన్నారు. కొట్లో ఇంకో నలుగురున్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మధ్యాహ్నం అయింది, ఇంకా అన్నం తినబుద్ధి కాలేదు.

ఆ ప్యాకెట్ ఎమ్మార్పీ 160. ఏజెన్సీ, అంటే కంపెనీ సరుకు మాకు పంచే డిస్ట్రిబ్యూటర్, నాకు వేసేది 147కి. నేను అమ్మేది 155కి. పిన్నిగారి బిల్లులో 132. అంటే నేను ఒక్క రూపాయి లాభం వేసుకోకపోయినా, ఆ రేటుకి ఇవ్వాలంటే ప్యాకెట్‌కి 15 రూపాయలు చేతినుంచి పెట్టుకోవాలి. మొన్న దసరాకి మా ఆయన బండేసుకుని వెళ్ళి ఆ సూపర్ మార్కెట్లోనే రెండు డజన్లు కొనుక్కొద్దామని చూస్తే మనిషికి నాలుగే ఇస్తామన్నారు. ఆ కంపెనీ సరుకు పదకొండేళ్ళుగా అమ్ముతున్నవాళ్ళం, అదే సరుకు కోసం అక్కడ లైన్లో నిలబడ్డాం.

సేల్స్‌మ్యాన్‌ని అడిగితే "అది మోడ్రన్ ట్రేడ్ అండి, వాళ్ళ లెక్క వేరండి" అంటాడు. సూపర్ మార్కెట్లని అలా అంటారులెండి. ఏం వేరు? వాళ్ళు లారీ లోడు కొంటారు, నేను రెండు కేసులు కొంటాను, ఆ తేడా నాకు తెలియదా? లోడు మీద రవాణా ఖర్చు ఎంత మిగిలితే అంత వాళ్ళకి తగ్గించి ఇవ్వండి, కాదనను. కానీ వాళ్ళకి సరుకు నేరుగా కంపెనీ నుంచే వస్తుంది, ముందు వరసలో పెట్టినందుకు వేరే డబ్బు, పండగ ఆఫర్‌కి వేరే డబ్బు, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ప్యాకులు వాళ్ళకే, పైగా డబ్బు కట్టడానికి గడువు. నాకు చేతిలో క్యాష్ పెడితేనే కేసు దించుతాడు.

చట్టం లేదా అంటే, అమెరికాలో 1936లోనే తెచ్చారు, రాబిన్సన్ ప్యాట్‌మన్ చట్టం. చైన్ స్టోర్‌కి ఒక రేటు, దానితో పోటీ పడే చిన్న కొట్టుకి ఇంకో రేటు వేయకూడదు, ఖర్చులో నిజంగా తేడా ఉంటే ఆ మేరకే తగ్గించొచ్చు. అక్కడా దాన్ని దశాబ్దాలపాటు పెద్దగా వాడలేదనుకోండి. మన 2002 కాంపిటీషన్ చట్టంలోనూ మనిషికో రేటు వేయడం తప్పే, కానీ ఆ కంపెనీకి మార్కెట్లో ఆధిపత్యం ఉందని ముందు తేలాలి. అది తేల్చడానికి ఢిల్లీలో లాయర్ని నేనెక్కడ పెట్టుకోను? 2021 చివర్లో డిస్ట్రిబ్యూటర్ల సంఘమే కంపెనీల మీద తిరగబడింది, ఆన్‌లైన్ హోల్‌సేల్ వాళ్ళకి ఇచ్చే రేటే మాకూ ఇవ్వండని. డిస్ట్రిబ్యూటర్లకే దిక్కులేకపోతే వాళ్ళ కింద ఉన్న మా సంగతేంటి?

జీఎస్టీ తగ్గినప్పుడూ ఇంతే. 2025 సెప్టెంబర్ 22న ఒంటి సబ్బులు, షాంపూలు, పేస్టుల మీద 18 శాతం 5 అయింది. జనానికి మంచిదే. కానీ నేను కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకం మీద కొద్ది శాతం కట్టే జీఎస్టీ పద్ధతిలో ఉన్నదాన్ని, కొన్నప్పుడు కట్టిన పన్ను నాకు వెనక్కి రాదు. పాత సరుకు కొత్త రేటుకి అమ్మి ఆ నష్టం నేనే పడ్డాను. పెద్ద స్టోర్లకి ఆ పన్ను క్రెడిట్ ఉంటుంది.

అసలు నా కడుపుమంట ఇవాల్టిది కాదు. 2022 జూలైలో గోదావరికి అంత వరద వచ్చి, కాజ్‌వేలు మునిగి లంకల్లోకి పడవ తప్ప దారి లేనప్పుడు, కొవ్వొత్తులు, బిస్కెట్లు, పాలపొడి పడవల మీద అప్పుకి పంపింది మాలాంటి కొట్లవాళ్ళే. ఏ సూపర్ మార్కెట్ వ్యానూ మా వైపు రాలేదు. నీళ్ళు మా కొట్లోకీ వచ్చాయి. కింది అరల్లో సబ్బులు, పౌడర్లు 18 వేల రూపాయల సరుకు తడిసి ముద్దయింది. ఫొటోలు తీసి ఏజెన్సీకి ఇచ్చాను. డ్యామేజీ కింద రాస్తామన్నారు, నెల తిప్పారు, చివరికి వరద సరుకు వెనక్కి తీసుకునేది లేదని కంపెనీ చెప్పిందన్నారు. ఒక్క సబ్బుకి కూడా డబ్బు రాలేదు. ఆ కంపెనీ బోర్డే ఇప్పటికీ మా గోడ మీద ఉంది, దానికి మేము ఏనాడూ అద్దె అడగలేదు.

మా వీధిలో సగం మంది పద్దులు కొబ్బరి దింపు డబ్బులు వచ్చేదాకా నా పుస్తకంలోనే ఉంటాయి. ఎవరిది ఎంతో ఇంతవరకు నలుగురిలో అనలేదు, ఇవాళ అంత మాట పడ్డాక కూడా అనలేదు. అలాంటి నన్ను "లాగావా" అన్నారు.

ఏజెన్సీ బిల్లు జెరాక్స్ తీయించి గల్లాపెట్టె ముందు అంటించాను, 147 కింద ఎర్ర పెన్నుతో గీత గీసి. ఆ బోర్డు సాయంత్రం మా ఆయన దించేస్తానన్నారు.